అమ్మ ఎండబెట్టిన చిప్‌లలో నాన్న దీపాలు మిగిలాయా?

కావలి దగ్గరి ఊరి నుంచి 41 ఏళ్ల పాఠకుడు ఒకరు పంపిన పెద్ద ఉత్తరానికి ఇది సారాంశం. పేరు వేయవద్దన్నారు. ఆయన తండ్రి ముప్పై ఏళ్లకు పైగా తిరునాళ్లకు, బ్రహ్మోత్సవాలకు లైటింగ్ బోర్డులు కట్టారు. కొండబిట్రగుంటకు, పెంచలకోనకు, నెల్లూరు రంగనాయకుల గుడికి, ఇటు ఒంగోలు వరకు ఆయన బోర్డులు వెళ్లేవి. నెమలి పురి విప్పేది, చక్రం తిరిగేది, గరుత్మంతుడు రెక్కలు ఆడించేవాడు. ఏ బల్బుల వరుస ఏ క్షణంలో వెలగాలో చెప్పే లెక్కంతా పైన చిన్న గాజు కిటికీ ఉండే పాత ఈప్రామ్ చిప్‌లలో ఉండేది. తండ్రి 2022లో పోయారు. చిప్‌లు 43, ఒక రేకు పెట్టెలో మిగిలాయి.

2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వానలకు ఇంట్లోకి నీళ్లొచ్చి పెట్టె తడిసింది. కిటికీల మీద అంటించిన కాగితం ముక్కలు, వాటి మీద తండ్రి చేత్తో రాసిన పేర్లతో సహా, 26 చిప్‌లకు ఊడిపోయాయి. వాన వెలిశాక తల్లి ఆ చిప్‌లను చేటలో పోసి మూడు రోజులు మేడ మీద ఎండబెట్టారు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే తమ్ముడు ఆ సంగతి విని, ఈ చిప్‌లు ఎండకు చెరిగిపోతాయని ఎక్కడో చదివి, ‘నాన్న ముప్పై ఏళ్ల కష్టాన్ని మూడు రోజుల్లో పోగొట్టావు’ అని ఫోనులో అనేశాడు. ఆ రోజు నుంచి తల్లి ఆ పెట్టె ఉన్న గదిలోకి వెళ్లడం మానేశారు. తిరునాళ్లకు రారు. దీపావళికి గుమ్మానికి సీరియల్ బల్బులు కూడా కట్టనివ్వలేదు.

ఈలోగా తండ్రి దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు ఒంగోలులో లైటింగ్ వ్యాపారం చేస్తున్న ఒకాయన వచ్చి, పెట్టె తనకిస్తే చదివించి వాడుకుంటానని, ఒక కాపీ ఇస్తానని అడిగారు. ‘నాన్న పనితో ఆయన డబ్బు చేసుకుంటాడు’ అని తమ్ముడు ఒప్పుకోవడం లేదు. చిప్‌లు చదివించాలా, వద్దా? అవి ఖాళీగా ఉన్నాయని తేలితే అమ్మ ఏమవుతుంది? అసలు చదివించకుండానే ‘అన్నీ బాగున్నాయి’ అని చెప్పేస్తే సరిపోదా? ఇవీ ఆయన ప్రశ్నలు.

మీ ఉత్తరంలో చిప్‌ల గురించి నాలుగు పేజీలు ఉన్నాయి, అమ్మగారి గురించి ఒకటిన్నర పేజీ. నాకు మాత్రం ఆ ఒకటిన్నర పేజీయే ముందు కనిపించింది. పెట్టె ఇంకో ఏడాది ఆగినా ఆగుతుంది. ఆమె మీద పడిన మాట అలా ఆగేది కాదు. కాబట్టి ముందుగా ఆ మాట ఎంతవరకు నిజమో చూద్దాం.

ఈప్రామ్‌ను 1971లో ఇంటెల్ కంపెనీలో డోవ్ ఫ్రోమన్ తయారు చేశారు. అందులో ఒక్కొక్క గడి చుట్టూ గాజులాంటి పొర కప్పిన అతి చిన్న గది. ఆ గదిలోకి ఎక్కువ వోల్టేజీతో ఎలక్ట్రాన్లను తోస్తారు. అవి లోపల చిక్కుకుంటే ఆ గడి సున్నా, లేకపోతే ఒకటి. కరెంటు తీసేసినా అవి బయటికి పోవు. అతినీలలోహిత కాంతి పడితే మాత్రం ఎలక్ట్రాన్లకు ఆ పొర దాటే శక్తి వస్తుంది. కిటికీ పెట్టింది అందుకే. చెరిపే యంత్రంలో ప్రత్యేకమైన దీపం కింద, అంగుళం దూరంలో పెడితే 15 నుంచి 20 నిమిషాల్లో చిప్ ఖాళీ అవుతుంది. ఎండలో ఆ కాంతి చాలా పలచన. కిటికీని నేరుగా ఎండకు వదిలేస్తే చెరగడానికి సుమారు ఒక వారం, మామూలు ట్యూబులైటు వెలుగులో అయితే సుమారు మూడేళ్లు పడుతుందని ఆ చిప్‌ల సాంకేతిక పత్రాల్లోనే ఉంటుంది.

మీ అమ్మగారు ఎండబెట్టింది మూడు రోజులు, అదీ డిసెంబరు ఎండలో, చీకటి పడకముందే లోపలికి తెచ్చేవారని మీరే రాశారు. చేటలో పోసిన చిప్‌లన్నీ కిటికీ పైకే పడవు, కొన్ని బోర్లా పడతాయి, కొన్ని పక్కకు ఒరుగుతాయి. అందువల్ల చాలావరకు మిగిలి ఉంటాయని నా అంచనా. కొన్ని బలహీనపడి ఉండవచ్చు. ఒకటి రెండు పోయి ఉన్నా నేను ఆశ్చర్యపోను. మీ తమ్ముడు చదివిన విషయం నిజమే. దానికి ఎంతసేపు పడుతుందన్నది మాత్రం ఆయన చదవలేదు.

ఇంకో సంగతి కూడా తమ్ముడికి తెలియాలి. 43 చిప్‌లలో కొన్ని పూర్తిగా ఖాళీగా ఉంటే అవి పోయినట్టు కాదు. ఆ రోజుల్లో ఈప్రామ్ ఖరీదైన వస్తువు. నిరుడు చక్రం తిప్పిన చిప్‌నే చెరిపి ఈ ఏడు నెమలికి వాడుకోవడం ఈ పనిలో మామూలు. లైటింగ్ కట్టే ఏ మనిషి పెట్టెలోనైనా చెరిపి సిద్ధంగా పెట్టుకున్న చిప్‌లు ఉంటాయి. పైగా ఇవి ముప్పై ఏళ్లు దాటిన చిప్‌లు. వయసు వల్ల కూడా ఎలక్ట్రాన్లు కొద్దికొద్దిగా కారిపోతాయి. పాత జిగురు పట్టు వదిలి ఏ కాగితం ఏ సంవత్సరంలో పైకి లేచిందో, ఏ చిప్ మీద ట్యూబులైటు ఎన్నాళ్లు పడిందో ఎవరికీ తెలియదు. ఒక చిప్ ఖాళీగా కనిపిస్తే దానికి ఎండే కారణమని ఎవరూ ప్రమాణం చేయలేరు.

మీ ఉత్తరం మూడో పేజీలో ఒక వాక్యం ఉంది. మీరు దాన్ని రాసి వెంటనే వేరే విషయంలోకి వెళ్లిపోయారు: ‘బల్బులను రంగులో ముంచి, అదే చేటలో, అదే మేడ మీద ఎండబెట్టడం చిన్నప్పటి నుంచి చూశాను’. అవి ఎండబెట్టింది ఎవరో కూడా రాశారు, అమ్మే. రంగు ముంచడం, ఫ్రేముకు బల్బులు కట్టడం, తీగలు కలపడం ఆమె చేతి పని. తడిసిన సామాను పూర్తిగా ఆరకుండా కరెంటు ఇవ్వకూడదన్నది ఆ పనిలో మొదటి నియమం. ముప్పై ఏళ్లు పాటించిన నియమాన్నే ఆమె ఆ రోజు కూడా పాటించారు. భర్త సామాను తడిసిందని తల్లడిల్లి, తనకు తెలిసిన మంచి పద్ధతిలో దాన్ని కాపాడబోయారు. తడిగానే మూత పెట్టి వదిలేసి ఉంటే కాళ్లు తుప్పు పట్టి విరిగిపోయేవి, అప్పుడు చదవడానికి ఏమీ మిగిలేది కాదు. ఈ మాటను మీరు ఆమెకు చెప్పాలి. చిప్‌లు చదివించిన తర్వాత కాదు, ముందే చెప్పాలి. ఫలితం వచ్చాక చెబితే, బాగుంటే క్షమించినట్టూ, బాగాలేకపోతే ఓదార్చినట్టూ వినిపిస్తుంది. ఆమెకు ఆ రెండూ అక్కర్లేదు.

కిటికీ పైకి పెట్టావా, కిందికి పెట్టావా అని మాత్రం ఆమెను అడగకండి. అడగాలని మీకు అనిపిస్తుందని నాకు తెలుసు. ఆ సమాధానం చిప్‌లే చెబుతాయి.

‘అన్నీ బాగున్నాయి’ అని చెప్పేసే దారి గురించి. అది దయతో వచ్చిన ఆలోచనే, తప్పు పట్టను. కానీ ఆమె ఈ పని తెలిసిన మనిషి. బాగుంటే ఒకసారి వెలిగించి చూపించమంటారు. చూపించలేకపోతే మీ మాట కూడా తమ్ముడి మాటలాగే గుచ్చుకుంటుంది. ఏమీ చదివించకుండా, ఏమీ చెప్పకుండా వదిలేయడం ఇంకో దారి. అందులో అబద్ధం లేదు, కానీ పెట్టె ఉన్న గది అలాగే మూసి ఉంటుంది. ఆమె ఎన్నేళ్లు ఆ గుమ్మం తప్పించుకుని నడవాలి? చదివించడమే మేలని నా అభిప్రాయం. ఆమె ‘ఇప్పుడు వద్దు’ అంటే మాత్రం ఆగండి. ఆగినంత కాలం చిప్‌లు చెడకుండా చూసుకోవడం మీ చేతిలో ఉంది.

అది ఈ రాత్రే చేయవలసిన పని. ప్రతి కిటికీ మీద కాంతి దూరని అల్యూమినియం రేకు స్టిక్కరు అంటించండి. తెల్ల కాగితం చాలదు. నల్ల ఇన్సులేషన్ టేపు పనికొస్తుంది కానీ వేసవిలో దాని జిగురు కరిగి కిటికీ మీద మిగులుతుంది. పేరు ఉన్న పాత కాగితాలను పీకకండి, వాటి మీదుగానే రేకు వేయండి, వేసేముందు ఫొటో తీయండి. ప్రతి చిప్‌కు అడుగున 1 నుంచి 43 వరకు నంబరు వేయండి. ఒంటి మీద ముద్రించిన అంకెలన్నీ నోటుపుస్తకంలో రాయండి. ఆ అంకెల్లో చిప్ రకం తెలుస్తుంది: 2716 అయితే అందులో 2,048 బైట్లు పడతాయి, 2732 అయితే 4,096. పక్కన నాలుగు అంకెలు విడిగా ఉంటే అది చాలా చిప్‌లలో తయారీ తేదీ. 8634 అంటే 1986లో 34వ వారం. పేర్లు పోయిన 26 చిప్‌లలో ఏది ముందుదో, ఏది తర్వాతదో తేల్చడానికి ఈ తేదీ కొంత దారి చూపుతుంది. థర్మాకోలులో గుచ్చకండి, దానికి స్టాటిక్ కరెంటు పుడుతుంది. నల్లటి యాంటీస్టాటిక్ ఫోము దొరక్కపోతే కాళ్లను వంటింటి అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టండి.

చదివించడానికి మీ ముందు మూడు చేతులు ఉన్నాయి. నెల్లూరులో మీరు అడిగిన దుకాణంవారు పెట్టె వదిలి వెళ్లమన్నారని రాశారు. వాళ్ల నైపుణ్యాన్ని నేను శంకించను, కానీ వదిలి రాకండి. పక్కన కూర్చోనిస్తేనే ఇవ్వండి. కొత్త చిప్ చెడిపోతే ఇంకొకటి కొనుక్కోవచ్చు, ఇవి అలాంటివి కావు. రెండో దారి మీరే ఒక ప్రోగ్రామర్, అంటే చిప్‌లను చదివే, రాసే చిన్న యంత్రం, కొనుక్కోవడం. యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు తగిలించే ఎక్స్‌జీక్యూ టీ48 లాంటివి ఈ పాత చిప్‌లను చదువుతాయి. నేర్చుకోవడానికి ఒక వారం పడుతుంది, ఆ వారంలో చేసే పొరపాట్లు మీ నాన్నగారి చిప్‌ల మీద కాకుండా పాత సామాన్ల దుకాణంలో కొన్న రెండు మూడు వేరే ఈప్రామ్‌ల మీద జరగాలి. మూడో చెయ్యి ఒంగోలు ఆయనది. అక్కడికి వస్తాను.

ఎవరు చదివినా కొన్ని జాగ్రత్తలు తప్పవు. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పిన రోజుల్లో నా కళ్లెదుటే ఒక చిప్‌ను తలకిందులుగా సాకెట్‌లో పెట్టి కరెంటు ఇచ్చారు. వేలు ఆనించలేనంత వేడెక్కింది, అంతే, అందులో ఉన్నది పోయింది. చిప్ ఒక చివర ఉండే చిన్న నొక్కు ఏ వైపు ఉండాలో ప్రతిసారీ ఇద్దరు చూడాలి. పేరు ఒకటే అయినా చిప్‌లు వేరు కావచ్చు: టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టీఎంఎస్ 2716కు మూడు రకాల వోల్టేజీలు కావాలి, ఇంటెల్ 2716కు 5 వోల్టులు చాలు. ఒకదాన్ని ఇంకొకటిగా అనుకుని పెడితే ప్రమాదం. చిప్ గుర్తింపు పరీక్షను ఆపి ఉంచమనండి. దానికోసం యంత్రం ఒక కాలికి సుమారు 12 వోల్టులు ఇస్తుంది, ఈ పాత చిప్‌లకు అది తగదు. నల్లబడిన కాళ్లను గీకవద్దు, పదేపదే వంచవద్దు. ప్రతి చిప్‌ను ఒక్కసారి విడి సాకెట్‌లో కూర్చోబెట్టి, ఆ సాకెట్ కాళ్లనే యంత్రంలోకి దింపాలి. విరిగితే సాకెట్ కాలు విరుగుతుంది. ప్రతి చిప్‌ను కనీసం మూడుసార్లు చదివి, మూడు ఫైళ్లూ ఒకేలా ఉన్నాయో లేదో పోల్చాలి. 43 చిప్‌లూ 2732లే అయినా, వాటిలో ఉన్నదంతా కలిపి 172 కిలోబైట్లు దాటదు. మీ ఫోనులో ఒక్క ఫొటోకు పట్టేంత కూడా కాదు.

మూడు ఫైళ్లూ ఒకేలా రాకపోతే ఆ చిప్ బలహీనపడిందన్నమాట. నిరాశపడకండి. ఈ చిప్‌ల చెరుగుడు ఒకే దిశలో నడుస్తుంది. ఎలక్ట్రాన్లు కారిపోతే సున్నా ఒకటిగా మారుతుంది. ఒకటి మాత్రం తనంతట సున్నా కాదు. సాకెట్‌లో కాళ్లు సరిగా ఆనుతున్నంత వరకు, కనిపించిన ప్రతి సున్నానూ నమ్మవచ్చు. సందేహమంతా ఒకట్ల మీదే. 5 వోల్టులకు బదులు నాలుగున్నర, నాలుగు వోల్టుల దాకా తగ్గించి చదివితే, సగం చెరిగిన సున్నాలు చాలాసార్లు మళ్లీ సున్నాలుగా కనిపిస్తాయి. అన్నిటికంటే గట్టి ఉపాయం ఇంకొకటి ఉంది. అదే లెక్క రాసిన రెండో చిప్ ఎక్కడైనా ఉంటే రెండింటినీ పక్కపక్కన పెట్టండి. ఏ ఒక్కదానిలో సున్నా ఉన్నా అక్కడ అసలు సున్నాయే. రెండూ సగం సగం చెరిగినా, రెండింటినీ కలిపితే పూర్తి లెక్క తిరిగి రావచ్చు.

ఆ రెండో చిప్‌లు ఎవరి దగ్గర ఉండి ఉంటాయి? మీ నాన్నగారు తన దగ్గర పని నేర్చుకున్న మనిషిని పంపించేటప్పుడు రెండు మూడు బోర్డులు కట్టించి ఇచ్చారని మీరే రాశారు. ఆ బోర్డుల్లో చిప్‌లు ఉంటాయి. కాబట్టి ఒంగోలు ఆయనను దూరం పెడితే మీరు పోగొట్టుకునేది స్నేహం ఒక్కటే కాదు. పెట్టె మొత్తం ఇచ్చేయడం కూడా నాకు సరిగా తోచడం లేదు. అసలు చిప్‌లు అమ్మగారివి, అవి ఇల్లు దాటనవసరం లేదు. ఆయన తన చిప్‌లు తీసుకుని మీ ఇంటికి రావచ్చు. రెండు వైపుల చిప్‌లూ ఒకే బల్ల మీద చదివి, ఫైళ్లు రెండు వైపులా ఉంచుకోవచ్చు. ఆయన వాటిని వ్యాపారానికి వాడితే ఎంత ఇవ్వాలి, బోర్డు మీద మీ నాన్నగారి పేరు రాయాలా అన్నది ముందే కాగితం మీద పెట్టుకోండి. తమ్ముడి అనుమానానికి ఆ కాగితం జవాబు. మాట్లాడుకోకుండా ఫైళ్లు ఇచ్చేస్తే ఆ అనుమానం ఎప్పటికీ తీరదు. అసలు ఇవ్వకపోతే, ఆ నెమలి మళ్లీ ఏ తిరునాళ్లలోనూ పురి విప్పకపోవచ్చు. ఈ రెండు నష్టాల్లో మీకు ఏది భరించదగినదో మీ ఇంట్లోవాళ్లే తేల్చుకోవాలి.

తమ్ముడితో ‘అమ్మకు క్షమాపణ చెప్పు’ అని ఫోనులో పట్టుబట్టకండి. ఫోనులో అన్న మాటకు ఫోనులోనే వచ్చే జవాబు పొడిగా ఉంటుంది. ఆయనకు ఒక పని ఇవ్వండి. రెండు ఫైళ్లను పోల్చి సున్నాలు నిలబెట్టే ప్రోగ్రాము ఆయనకు అరగంట పని. దానికోసం సంక్రాంతికి ఇంటికి రమ్మనండి. ఆమె పక్కన కూర్చుని ఆ సున్నాలు వెతికేటప్పుడు చెప్పవలసిన మాట ఆయనకే దొరుకుతుంది. దొరకకపోతే, అప్పుడు అన్నగా మీరు గట్టిగా చెప్పండి.

చివరగా, బల్బుల లెక్క పెన్సిలుతో రాసిన ఆ పాత గళ్ల నోటుపుస్తకం. మీరు పంపిన ఫొటోను పెద్దది చేసి చూశాను. ఎనిమిది నిలువు గళ్లు, అంటే ఎనిమిది వరసల బల్బులు. ఒక్కో అడ్డ వరస ఒక్కో అడుగు. సెకనుకు పది అడుగులు వేసినా 2716లో పట్టే లెక్క మూడు నిమిషాల 25 సెకన్లు నడుస్తుంది. అంతసేపు నెమలిని ఆడించడానికి పెన్సిలుతో 16,384 గళ్లు నింపాలి. ఆ పేజీలో సున్నాలు రెండు రకాలుగా ఉన్నాయి. పైసగంలో గుండ్రంగా, తేలిగ్గా. కిందిసగంలో కాస్త కోలగా, పెన్సిలు నొక్కి రాసినవి. ఒక మనిషి అలసిపోతే ఇంకో మనిషి అందుకున్నట్టు ఉంది. ఆ రెండో చేతిరాత ఎవరిదో నేను చెప్పలేను, మీ ఇంట్లో పాత చిట్టా పుస్తకం తీసి చూస్తే మీకే తెలుస్తుంది. అంటుకుపోయిన పేజీలను లాగకండి. నీడలో ఆరనిచ్చి, విడివడిన పేజీల మధ్య తెల్ల కాగితాలు పెట్టి, ఒక్కొక్కటీ ఫొటో తీయండి. చిప్‌లో చెరిగినది ఆ పేజీల్లో దొరకవచ్చు.

చదివిన లెక్కను చూడటానికి మీ నాన్నగారి పాత బోర్డుకు కరెంటు ఇవ్వకండి. అందులో బల్బులకు కరెంటు ఇచ్చి ఆపే ట్రయాక్‌ల దాకా 230 వోల్టులు నేరుగా వస్తాయి, పైగా అది వరద నీళ్లు తాగిన బోర్డు. టంకం లేకుండా తీగలు గుచ్చే బ్రెడ్‌బోర్డు మీద పల్సులు ఇచ్చే ఒక 555 ఐసీ, అడుగులు లెక్కపెట్టే ఒక 4040 కౌంటర్, కొత్త చిప్‌లో వేసిన కాపీ, ఎల్‌ఈడీలకు సరిపడా కరెంటు ఇచ్చే ఒక బఫర్ ఐసీ, ఎనిమిది ఎల్‌ఈడీలు చాలు. 5 వోల్టులతో నడుస్తుంది, చెయ్యి తగిలినా భయం లేదు. పేరు ఊడిపోయిన చిప్‌లతో మొదలుపెట్టండి, ‘గరుడ’ అని రాసి ఉన్నదాన్ని చెయ్యి అలవాటయ్యాక తీయండి. అయితే ఎనిమిది ఎల్‌ఈడీలు ఒకే వరసలో మిణుకుమిణుకుమంటే అది నెమలో చక్రమో మీకూ తెలియదు, నాకూ తెలియదు. మూడో తీగ మెడకు వెళ్లేదా, తోకకు వెళ్లేదా అన్నది ఫ్రేముకు ఆ తీగ కట్టిన మనిషికి తెలుస్తుంది. అమ్మగారిని అప్పుడు పిలవండి. ఆ గదిలోకి కాదు, వంటింటి బల్ల దగ్గరికే తెచ్చి పెట్టండి.